హోప్ ఐలాండ్‌లో గదులు వద్దు, గుడారాలు చాలు: అటవీ, పర్యాటక శాఖలకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ అటవీ శాఖ, పర్యాటక శాఖ ఉన్నతాధికారులకు, కాకినాడ జిల్లా కలెక్టర్ గారికి నమస్కారాలతో,

కాకినాడకు ఎదురుగా, పడవ తప్ప మరో దారి లేని హోప్ ఐలాండ్‌లో జనం రాత్రి బస చేయవచ్చా, చేస్తే ఎలా చేయాలి అన్న విషయం మీద ఈ ఉత్తరం రాస్తున్నాను. నా కోరిక ముందే చెబుతాను. ఆ దీవి మీద పర్యాటకుల కోసం ఒక్క పక్కా గది కూడా కట్టవద్దు. ఏడాదిలో ఆ దీవి భరించగలిగే కొద్ది వారాలను గుర్తించి, ఆ వారాల్లో మాత్రమే, లెక్కపెట్టిన కొద్ది గుడారాలకు, అక్కడి మత్స్యకారుల చేతుల మీదుగా అనుమతి ఇవ్వండి. మిగతా కాలమంతా రాత్రిపూట ఆ ఇసుక మీద పర్యాటకుడి అడుగు పడకుండా చూడండి.

పూర్తిగా మూసేయమని అడగనందుకు ప్రకృతిని ప్రేమించే మిత్రులు కొందరు నన్ను తప్పుపడతారు. కోరంగి అభయారణ్యంలోని దీవిలో మనుషులకు రాత్రిపూట ఏం పని అని వాళ్లు అడిగేది న్యాయమైన ప్రశ్నే. నా జవాబు ఇది. కాకినాడలో పుట్టి పెరిగినవాళ్లలో చాలామందికి ఆ దీవి దూరాన కనిపించే ఒక గీత మాత్రమే. పగటి పడవలో వెళ్లి మధ్యాహ్నానికి తిరిగొచ్చేవాళ్లకు ఎండ, ఇసుక, నాలుగు ఫోటోలు దక్కుతాయి. పొద్దువాలాక అక్కడ ఉంటే వేరు. పడమట కాకినాడ రేవు దీపాలు ఆకాశం అంచును పసుపు చేస్తాయి. తూర్పున ఏ దీపమూ ఉండదు. వెనక మడ చెట్ల వేళ్ల మధ్య పోటు నీరు ఎక్కుతున్న సన్నటి చప్పుడు, ముందు కెరటాల హోరు. ఆ రెండు చప్పుళ్ల మధ్య పడుకున్న మనిషికి, తన ఊరికీ బంగాళాఖాతానికీ మధ్య ఎంత సన్నటి నేల అడ్డుగా ఉందో ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది. రేపు ఆ నేలకు కష్టం వస్తే నిలబడి మాట్లాడేవాళ్లు అలా అర్థమైనవాళ్లలోంచే రావాలి.

ఆ నేల వయసు కూడా పెద్దదేమీ కాదు. సుమారు 200 ఏళ్ల కిందటి నుంచి గోదావరి పాయలు వరదలతో మోసుకొచ్చిన ఇసుకను సముద్రం ఒడ్డు వెంబడి ఉత్తరానికి నెట్టుకుంటూ పోయి వేసిన మేట అది. ఇప్పుడు సుమారు 16 కిలోమీటర్ల పొడవున సాగి ఉంది. దానికీ ఒడ్డుకూ మధ్య నిలిచిన నీరే కాకినాడ అఖాతం. ఓడలు అక్కడ నిశ్చింతగా లంగరు వేసుకోగలుగుతున్నాయన్నా, తుఫాను ఉప్పెన నేరుగా ఊరి మీదికి రాకుండా కొంత ఆగుతోందన్నా ఆ ఇసుక మేట, దాని వెనకున్న మడ అడవులే కారణం. ఇంత పని చేస్తున్న దీవికి మనం తిరిగి ఇస్తున్నదేమిటి? ధవళేశ్వరం నుంచి పైకి గోదావరి మీద, ఉపనదుల మీద ఆనకట్టలు కట్టుకుంటూ పోయాం. నది డెల్టాకు తెచ్చే ఒండ్రు, ఇసుక మునుపటితో పోలిస్తే బాగా తగ్గిపోయాయి. అలాంటి నేల మీద పునాది తవ్వి, కాంక్రీటు పోసి గదులు లేపుదామన్న ఆలోచన ఎవరికి వచ్చినా, వాళ్లను ముందు ఉప్పాడ తీసుకెళ్లి చూపించండి. దీవి ఉత్తరపు కొసకు ఎంతో దూరం లేని ఆ ఊళ్లో ఇళ్లు, కొబ్బరి చెట్లు, గుళ్లు సముద్రంలో కలిసిపోయాయి. రాళ్లు పోసి కట్టిన అడ్డుగోడలు, తీరం వెంబడి వేసిన రోడ్డు తుఫాను వచ్చిన ప్రతిసారీ దెబ్బతింటూనే ఉన్నాయి. మా తీరంలో ఒడ్డు ఒకచోట నిలవదు. గుడారమైతే చుట్టి పడవలో వేసుకుని వచ్చేయవచ్చు.

గదులు వద్దనడానికి ఇంకా పెద్ద కారణం క్యాలెండరు. నెలలు ఒక్కొక్కటే చూడండి.

కోరంగి రేవును ముంచిన ఉప్పెనల్లో ఒకటి 1789 డిసెంబరులో, మరొకటి 1839 నవంబరులో వచ్చాయి. రెండో దాని తర్వాత ఓడలు కట్టిన ఆ రేవు మళ్లీ తేరుకోలేదు. కోనసీమ, యానాం, కాకినాడ ప్రాంతాల్లో వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసిన తుఫాను 1996 నవంబరు 6న వచ్చింది. పెథాయ్ 2018 డిసెంబరు 17న, మొంథా 2025 అక్టోబరు 28న వచ్చాయి. అంటే అక్టోబరు మొదలు డిసెంబరు మూడో వారం దాకా ఆ దీవి మీద పర్యాటకుణ్ణి పడుకోబెట్టడం ప్రాణాలతో చెలగాటమే. మే నెలా అంతే. 2010 మేలో లైలా, 2022 మేలో అసని మన తీరానికే వచ్చాయి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలులకు సముద్రం కల్లోలంగా ఉంటుంది. గోదావరికి వరదొస్తే, నది సముద్రంలో కలిసే మొగల దగ్గర ఎర్రనీరు దుంగలను మోసుకుంటూ వస్తుంది. ఆ సుడుల్లో పడవ నడపడం అనుభవం ఉన్నవాళ్లకే కష్టం. మిగిలింది డిసెంబరు ఆఖరి వారం నుంచి ఏప్రిల్ దాకా. ఆ నెలలు తాబేళ్లవి.

దీని గురించి కొంచెం ఎక్కువగా చెప్పాలి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు సముద్రం వైపున్న ఇసుక మీదికి గుడ్లు పెట్టడానికి వస్తాయి. వచ్చేది రాత్రిపూటే. కెరటం విడిచిన చోట తల్లి తాబేలు కాసేపు కదలకుండా ఉండిపోతుంది. ముందున్న ఇసుకలో ఏ కదలికా, ఏ వెలుగూ లేదని నమ్మకం కలిగితేనే పైకి వస్తుంది. సుమారు 40 కిలోల బరువున్న ఒంటిని తెడ్ల మీద ఈడ్చుకుంటూ, ఆగుతూ, ఊపిరి పీలుస్తూ పోటు నీరు అందని ఎత్తుకు చేరుతుంది. వెనక తెడ్లతో కుండ ఆకారంలో గుంట తవ్వి, వంద దాకా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, తన ఒంటితోనే చదును చేసి వెళ్లిపోతుంది. మళ్లీ తిరిగి చూసుకోదు. ఆ దారిలో ఒక ఫోను వెలుగు పడినా, నలుగురు మనుషులు నవ్వుకుంటూ నడిచినా, గుడ్లు పెట్టకుండానే వెనుదిరగవచ్చు. అటవీ శాఖ కాపలాదారుల వెంట దూరంగా కూర్చుని ఒక తల్లి తాబేలు ఆ పని పూర్తి చేయడం చూశాను. అక్కడున్న ఎవరి నోటా మాట రాలేదు.

గుడ్లు ఇసుక వేడికే పొదుగుతాయి. 45 నుంచి 60 రోజులు పడుతుంది. ఆ వేడిని బట్టే పుట్టేది ఆడపిల్లో మగపిల్లో తేలుతుంది. పైకి వచ్చిన పిల్లకు తెలిసిన దారి ఒక్కటే, ఎటు వెలుగుంటే అటు పోవడం. మనుషులు లేని తీరంలో ఆ వెలుగు సముద్రం మీది ఆకాశానిది. మనం అక్కడ చలిమంట వేసుకుంటే, గుడారాల మధ్య దీపాల తోరణాలు కట్టుకుంటే, పిల్లలన్నీ నీటికి వీపు పెట్టి మన వైపు నడుస్తాయి. తెల్లారేసరికి పీతలకో, కాకులకో ఆహారమైపోతాయి, లేదా ఎండకు మాడిపోతాయి. గుడారం మేకు దిగిన చోట, మంట వేసిన చోట ఇసుక కింద ఏముందో పైనుంచి చూసేవారికి తెలిసే వీలే లేదు. ఇక మిగిలిపోయిన బిర్యానీ, కోడి ఎముకలు ఇసుకలో పాతిపెట్టి రావడం మనవాళ్లకు అలవాటు. ఆ వాసనకు నక్కలు, కుక్కలు వస్తాయి. వచ్చినవి అంతటితో ఆగవు, ముక్కు నేలకు ఆనించుకుంటూ తాబేలు గుంటలు కూడా వెతుకుతాయి.

ప్రతి ఏటా జనవరి, ఫిబ్రవరి నెలల్లో కాకినాడ తీరానికి చచ్చిన తాబేళ్లు కొట్టుకొస్తున్నాయి. ట్రాల్ వలల్లో చిక్కుకుని, ఊపిరి కోసం పైకి రాలేక చనిపోయినవే వాటిలో ఎక్కువ. వలలకు తాబేళ్లు తప్పించుకునే అమరికలు పెట్టుకోవాలని మీరు మరబోట్ల వాళ్లకు చెబుతున్నారు, చెప్పాలి కూడా. బతుకుతెరువు కోసం వేటకు వెళ్లేవాళ్లకు నియమం పెట్టినప్పుడు, సరదా కోసం వెళ్లే మాలాంటివాళ్లకు అంతకంటే గట్టి నియమం ఉండాలి కదా!

కాబట్టి నా లెక్క ప్రకారం రాత్రి బసకు ఇవ్వగలిగేది తాబేళ్ల రాక ఊపందుకోకముందు, డిసెంబరు ఆఖరి వారం నుంచి సంక్రాంతి దాకా, అదీ వాతావరణ శాఖ సముద్రం ప్రశాంతంగా ఉంటుందని చెప్పిన రోజుల్లోనే. అప్పుడు కూడా గుడారాలు సముద్రం వైపు ఇసుకలో వేయనివ్వకూడదు, అఖాతం వైపు ఊరికి దగ్గరగా అటవీ శాఖ గీత గీసి చూపిన చోటే వేయాలి. ఒకటి రెండు తాబేళ్లు ముందుగా వచ్చినా వాటి దారి వాటికి ఉంటుంది. ఆ ఏడు గుంటలు తొందరగా కనిపిస్తే మీ క్షేత్ర సిబ్బంది ఒక్క మాటతో అనుమతులన్నీ రద్దు చేయగలగాలి. డబ్బు ముందే కట్టామని ఎవరూ గొడవ పడకుండా ఆ షరతు టికెట్టు మీదే అచ్చు వేయండి.

మూడు నాలుగు వారాల కోసం ఎవరైనా కోట్లు పెట్టి గదులు కడతారా? కట్టరు. ఒకవేళ కడితే మిగతా పదకొండు నెలలు వాటిని ఖాళీగా ఉంచలేరు. అప్పు కట్టాలి, జీతాలు ఇవ్వాలి. ఫిబ్రవరిలో పెళ్లి బృందాలకు ఇస్తారు, మార్చిలో కంపెనీల విందులకు ఇస్తారు, జనరేటరు తెల్లవార్లూ నడుస్తుంది, తీరమంతా దీపాలు వెలుగుతాయి. అధికారి ఎంత నిజాయితీపరుడైనా ఆ ఒత్తిడిని ఏళ్ల తరబడి ఆపలేడు. అందుకే మొదటి ఇటుకనే ఆపమని వేడుకుంటున్నాను.

నీటి సంగతి కూడా గుర్తు చేయాలి. ఇసుక దీవుల్లో వాన నీరు ఇంకి, కింది ఉప్పునీటి మీద పలచటి పొరగా తేలుతుంది. చెలమ తవ్వితే ఊరేది ఆ నీరే. దాన్ని మోటారు పెట్టి లాగితే కింది ఉప్పునీరు పైకి వస్తుంది. దాని పక్కనే మరుగుదొడ్డి గుంట తవ్వితే మురుగు అందులో కలుస్తుంది. దీవి మీద మత్స్యకారుల చిన్న ఊరు ఉంది. వాళ్ల చెలమ పాడైతే వాళ్లు ఎక్కడికి పోవాలి? వచ్చే ప్రతి మనిషీ తన తాగునీరు తనే తెచ్చుకోవాలి, తన చెత్త తనే పట్టుకెళ్లాలి. మరుగుకు పెట్టెల్లాంటివి పెట్టి, నిండాక పడవలో ఒడ్డుకు చేర్చే ఏర్పాటు ఉండాలి. ఇది జరగని పని కాదు. కాలిఫోర్నియా తీరంలో పడవ మీదో, చిన్న విమానంలోనో మాత్రమే చేరుకోగల చానల్ ఐలాండ్స్ జాతీయ పార్కులో ఐదు దీవుల మీదా గుడారాలకు చోటుంది. ముందుగా పేరు నమోదు చేసుకున్నవాళ్లకే అనుమతి. నెగడు నిషిద్ధం. అక్కడి చిన్న నక్కలకు మనుషుల తిండి అలవాటు కాకుండా తెచ్చుకున్న ఆహారం దాచుకునే ఇనుప పెట్టెలు ఉంటాయి. చెత్తకుండీ ఉండదు, తెచ్చినదంతా తిరిగి పట్టుకెళ్లాల్సిందే. అక్కడికి వెళ్లే తెలుగువాళ్లు ఆ నియమాలన్నీ మారుమాట లేకుండా పాటిస్తున్నారు. సొంత ఊరి దీవి దగ్గర మాత్రం ఎందుకు పాటించరు?

ఇక పడవలు. 2017 నవంబరులో విజయవాడ ఫెర్రీ దగ్గర కృష్ణలో పడవ మునిగి 20 మందికి పైగా చనిపోయారు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో మరో పర్యాటక పడవ మునిగి 50 మంది దాకా పోయారు. రెండూ నదులే. హోప్ ఐలాండ్‌కు దారి అఖాతం మీదుగా. ఇసుక తిన్నెలు ఏటా చోటు మారుస్తుంటాయి. నీరు వెనక్కి తీసే పాటు వేళ పడవ బురదలో కూరుకుపోతే మళ్లీ పోటు వచ్చేదాకా కదలదు. ఏ వేళ బయల్దేరాలో, ఎక్కడ నీరు లోతో పుట్టిన దగ్గర్నుంచి ఆ నీళ్లలో తిరిగినవాళ్లకు తెలుస్తుంది. కచ్చులూరులో పెద్ద పెద్ద బృందాలు ఆశ వదులుకున్న పడవను నది అడుగు నుంచి పైకి లాగింది కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందమన్న సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఆ అనుభవాన్ని పనిలోకి తీసుకోండి. పడవ నడిపే హక్కు టెండరులో ఎక్కువ పాడిన బయటి సంస్థకు ఇవ్వకండి. దీవి మీదా, ఎదుటి ఒడ్డున తాళ్లరేవు మండలంలోనూ ఉన్న మత్స్యకార సహకార సంఘాలకు ఇవ్వండి. ప్రతి మనిషికీ లైఫ్ జాకెట్, పడవకు బీమా, ఎక్కినవాళ్ల పేర్ల జాబితా ఒడ్డున ఒక ప్రతి. ఈ మూడూ లేని పడవ జెట్టీ దాటకూడదు. చీకటి పడ్డాక ప్రయాణం అసలే వద్దు.

మత్స్యకారుల మాట వచ్చింది కనుక ఒక చిక్కు గురించి దాచకుండా చెప్పాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. వాళ్లకు డబ్బు ఎక్కువగా అవసరమయ్యేది అప్పుడే. నేను చెప్పిన లెక్క ప్రకారం ఆ రోజుల్లో రాత్రి బస ఉండదు. మరి వాళ్లకు మిగిలేదేమిటి? దీనికి మహారాష్ట్రలోని రత్నగిరి జిల్లా వేళాస్ గ్రామం ఒక దారి చూపించింది. ఒకప్పుడు తాబేలు గుడ్లు తవ్వుకుని అమ్ముకున్న ఊరు అది. 2002లో అక్కడ సంరక్షణ మొదలైంది. తర్వాత కొన్నేళ్లకు, పొదిగిన పిల్లలను సముద్రంలో వదిలే వేళ చూడటానికి జనం రావడం మొదలుపెట్టారు. ఊరివాళ్లే తమ ఇళ్లలో బస ఇస్తారు, తమ వంట పెడతారు. ఉదయం, సాయంత్రం పిల్లలను నీటి వైపు వదులుతుంటే తాడు కట్టిన గీతకు ఇవతల నిలబడి చూస్తారు. ఆ డబ్బు ఇంటింటికీ చేరుతుంది కనుక, గుడ్లను కాపాడటానికి ఊరే ముందుకు వస్తుంది.

మార్చి నుంచి మే మొదటి వారం దాకా హోప్ ఐలాండ్‌లోనూ అలా చేయవచ్చు. రాత్రి బస ఒడ్డున ఉన్న ఊళ్లలో, మత్స్యకారుల ఇళ్లలో ఉంటుంది. తెల్లవారాక వాళ్ల పడవల్లోనే దీవికి వెళ్లి, అటవీ శాఖ పిల్లలను వదులుతుంటే చూసి, ఎండ ముదిరేలోపు తిరిగొస్తారు. తిరుగు దారిలో మడ కాలువల మీదుగా పడవ నెమ్మదిగా నడిపితే నీటికుక్కలు, అదృష్టం ఉంటే చేపలు పట్టే నీటిపిల్లి అడుగులు బురదలో కనిపిస్తాయి. ఆ చెట్ల పేర్లన్నీ పడవ నడిపే వాళ్లకు నోటికి వస్తాయి. మార్గదర్శకులుగా వాళ్లకే శిక్షణ ఇచ్చి, గుర్తింపు కార్డులు ఇచ్చి, రోజు కూలీ ఎంతో తేల్చి రాయండి. ఊరి ఆడవాళ్లు వండే చేపల పులుసుకు గిట్టుబాటు ధర కట్టండి. పర్యాటకం లాభం ఊరికి చేరాలని మీ ప్రకటనల్లో ప్రతిసారీ చెబుతారు. అది అమలు చేయడానికి ఇంతకంటే తేలికైన చోటు మన తీరంలో నాకు తెలిసి లేదు.

ఇందుకు కొత్త చట్టమేదీ అక్కర్లేదు. కోరంగి 1978 నుంచి అభయారణ్యం. వన్యప్రాణి సంరక్షణ చట్టం 28వ సెక్షన్ కింద పర్యాటకానికి అనుమతి ఇచ్చే, ఇవ్వకపోయే అధికారం ప్రధాన వన్యప్రాణి సంరక్షణాధికారికి ఉంది. అభయారణ్యంలో వ్యాపారం కోసం వసతి గృహాలు కట్టాలంటే జాతీయ వన్యప్రాణి మండలి ముందస్తు ఆమోదం కావాలని 33వ సెక్షన్ చెబుతోంది. 2019 తీర ప్రాంత నియంత్రణ ప్రకటన తాబేళ్లు గుడ్లు పెట్టే తీరాలను, మడ అడవులను అత్యంత సున్నితమైన మొదటి వర్గంలో చేర్చింది. అధికారమంతా మీ చేతుల్లోనే ఉంది. లేనిదల్లా ఒక పేజీ నియమావళి. ఎన్ని గుడారాలు, ఏ తేదీలు, ఎక్కడ, ఎవరి పడవ, ఎవరు కాపలా అన్నవి స్పష్టంగా రాసి, తెలుగులో అచ్చు వేసి, జెట్టీ దగ్గర గోడకు అంటించినది. అది లేకపోతే అనుమతి లేని పడవలో, మంట వేసుకోవడానికి కట్టెలతో సహా వెళ్లేవాళ్లు వెళుతూనే ఉంటారు. దొరికితే జరిమానా కట్టి మళ్లీ వెళతారు.

గుడారాల సంఖ్య మీరే తేల్చండి. నన్ను అడిగితే ఒక రాత్రికి ఇరవై మందికి మించకూడదు. పాటల పెట్టెలు, టపాసులు, మద్యం ఒడ్డునే వదిలిపెట్టాలి. దీపాలు ఎర్రటివి మాత్రమే వాడనివ్వాలి, అవి తాబేళ్లను తక్కువగా కలవరపెడతాయి. మొదటి అవకాశం కాకినాడ, తాళ్లరేవు, ఐ. పోలవరం ప్రభుత్వ పాఠశాలల పెద్ద తరగతుల పిల్లలకు ఇవ్వండి. ఏడాదికి ఒక్క బృందమైనా సరే, డబ్బు తీసుకోకుండా, ఉపాధ్యాయులతో, అటవీ సిబ్బందితో కలిపి పంపండి. ఆ దీవి అడ్డుగా ఉన్నందువల్ల తమ ఇల్లు ఎలా నిలబడిందో ఆ పిల్లలకు అక్కడే చెప్పండి.

ఒక చివరి మనవి. నియమావళి ముసాయిదా తయారుచేసే ముందు మీరే దీవికి వెళ్లి, ఆ ఊళ్లో సభ పెట్టండి. కలెక్టరేటులో పెడితే వాళ్లు ఒక రోజు వేట పోగొట్టుకుని రావాల్సి వస్తుంది, మాట్లాడే వంతు వచ్చేసరికి సాయంత్రమవుతుంది. పోటు వేళ చూసుకుని వెళ్లండి, వాళ్లు చెప్పేదంతా వినండి, చెప్పింది చెప్పినట్టు రాసుకుని ముసాయిదాతో పాటు అందరికీ కనిపించేలా పెట్టండి. నేను రాసిన తేదీల్లో ఏదైనా తప్పని వాళ్లంటే, నా తేదీలు కొట్టేసి వాళ్లవి ఉంచండి. వచ్చే డిసెంబరులోపు ఆ సభ జరిగితే, ఆ సంక్రాంతికే మొదటి గుడారాలు వేయవచ్చు.

ఇట్లు,
కాకినాడ పౌరుడొకరు